నువ్వుల్లో సగం

నూకయ్య గానుగకు ఎద్దు లేదు. కాడి తనే మెడకెత్తుకుని తిరుగుతాడు, పెళ్లాం పైడమ్మ వెనక నుంచి తోస్తుంది.

ఆ రాజ్యంలో లాభంలో సగం సుంకం కట్టాలి. "ఇంట్లోకి వచ్చిందంతా లాభమే" అని తేల్చేశాడు సుంకాల అధికారి కొండలరాయుడు. నువ్వులు కొన్న ఖర్చైనా తీసేసి లెక్కకట్టమని నూకయ్య కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. చివరికి నువ్వులు కొనడానికి ఎద్దును అమ్ముకుంటే, ఆ డబ్బులోనూ సగం పట్టుకుపోయారు.

ఇంతలో రాజుగారు వస్తున్నారన్నారు. ఊరంతా దీపాలు పెట్టించాలని, నూనె ఆడించడానికి కొండలరాయుడు తన సొంత నువ్వులు నూకయ్య ఇంటికి పంపాడు. తీరా రాజుగారు వచ్చేసరికి సగం వీధులు చీకట్లో ఉన్నాయి.

"నా నువ్వులేం చేశావురా?" రాజుగారి ఎదుటే ఉరిమాడు అధికారి.

"మా ఇంట్లోకి వచ్చాయి కదా దొరా. సగం మీ సుంకం కొట్లో కట్టేశాను. మీవాళ్లే కొలుచుకున్నారు."

"అది పెట్టుబడిరా మూర్ఖుడా, లాభం కాదు. పెట్టింది పోగా మిగిలితేనే లాభం. పెట్టుబడిలోనే సగం లాగేస్తే పనెలా సాగుతుంది?"

"అదే దొరా, నేనూ మొత్తుకున్నది" అన్నాడు నూకయ్య.

రాజుగారు అధికారి వంక చూసి, అక్కడికక్కడే సుంకం పద్ధతి మార్చేశారు.

"ఇకమీదట మిగిలినదాంట్లోనే సుంకమట" ఇంటికొచ్చి చెప్పాడు నూకయ్య.

"మనకేం మిగిలిందని?" అంది పైడమ్మ.

నూకయ్య మళ్లీ కాడి మెడకెత్తుకున్నాడు.