పెంటికల సాక్ష్యం

సముద్రం మధ్యలో చెట్టూ చేమా లేని ఇసుక దిబ్బ ఒకటుంది. దానికి ఆవల గద్దల రాజ్యం, ఈవల పులి రాజ్యం. ఏడాది పాటు ఎవరి ప్రజలు కాపురముంటే దిబ్బ వాళ్లదని రెండు వైపులా ఒప్పుకున్న కట్టుబాటు.

పులిగారి మంత్రి నక్క ఒకనాడు తమ రాజ్యంలోనే ఒక లంకలో ఉండే మేకల దగ్గరికొచ్చింది.

"నలుగురు కుర్రాళ్లు కావాలి. ఆ దిబ్బ మేతకి పనికొస్తుందో లేదో ఏడాది ఉండి చూడాలి."

"అక్కడేం తింటాం మంత్రిగారూ?" అన్నాడు బొల్లిగాడనే కుర్రమేక.

"తాబేలు నెలనెలా మేతా నీళ్లూ తెస్తుంది. మీ పెంటికలు మూటకట్టి దానికివ్వండి. పరీక్ష చేయిస్తాం."

"మన పెంటికలకి కూడా రాజకొలువులో మర్యాద అన్నా," అన్నాడు బొల్లిగాడి తమ్ముడు చిట్టికొమ్ము. నలుగురూ నవ్వుకుంటూ బయల్దేరారు.

పదకొండో నెలలో, మిట్టమధ్యాహ్నం, గద్దలు దిగాయి. దాక్కోవడానికి తుప్పయినా లేదు. రేగిన ఇసుక అణిగేసరికి చిట్టికొమ్ము కదలడం లేదు.

మూడోనాడు తాబేలు మీద నక్క వచ్చింది. వస్తూనే ఆ నెల పెంటికల మూట విప్పి చూసుకుంది.

"మా తమ్ముడు పోయాడు," అన్నాడు బొల్లిగాడు. "మమ్మల్ని ఇంటికి చేర్చండి."

"అయ్యో. ఇంకొక్క నెల ఓపిక పట్టు నాయనా. ఏడాది నిండకపోతే దిబ్బ మనకి దక్కదు. మావాళ్లు కాపురమున్నారని వాళ్ల దూతకి ఈ పెంటికలే కదా చూపిస్తున్నాం."

బొల్లిగాడు ముందుకొచ్చాడు. "గద్దలు వచ్చి పడతాయని మీకు ముందే తెలుసా?"

"తెలియకపోతే మేమే వచ్చి ఉండేవాళ్లం, మిమ్మల్నెందుకు పంపుతాం?"

తాబేలు తల ఎత్తింది. "ఇన్ని మూటలు మోశాను. పరీక్షకేననుకున్నాను బాబూ."

బొల్లిగాడు తాబేలు వైపు చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మంత్రిగారూ, మావాడు ఆ గుట్ట వెనకున్నాడు. రాజుగారి తరఫున ఒక్కసారి చూసి రండి."

నక్క మొహం బాధగా పెట్టుకుని గుట్ట దాటింది. తిరిగొచ్చేసరికి ముగ్గురు మేకలూ తాబేలు వీపు మీదున్నారు. తాబేలు అప్పటికే లోతు నీళ్లలో ఉంది.

"ఎక్కడికిరా? దిబ్బ ఖాళీ అయిపోదూ?"

"ఎందుకవుతుంది? మీరూ రాజుగారి ప్రజే కదా," అన్నాడు బొల్లిగాడు. "ఒక్క నెలేగా, కాపురముండండి."

నక్క నీళ్ల అంచుదాకా పరుగెత్తింది. ఇసుక మీద ఏవో నీడలు గుండ్రంగా తిరుగుతుంటే తల ఎత్తడానికి దానికి ధైర్యం చాల్లేదు.

పరాయివాళ్ల బిడ్డల్ని పంపే చోట ముందు తాను నిలబడగలిగినవాడే పెద్దమనిషి.