కోడి వెతికే చేయి

ఒకప్పుడు కోడి నేల కెలికేది కాదర్రా. వేసింది వేసినట్టు తినేది, కడుపు నిండగానే ముక్కు తుడుచుకుని పోయేది. ఇప్పుడు మన కోడి నూకలన్నీ చిమ్మేస్తోందని కర్ర తీశావే, అది కింద పెట్టు ముందు! సంగతి వింటే దాన్ని కొట్టబుద్ధి కాదు.

ఆ రోజుల్లో చౌడమ్మవ్వ అని ఒక ముసలామె మగ్గం నేసుకుని బతికేది. నా అన్నవాళ్ళెవరూ లేరు. ఉన్నదల్లా ఒక్క కోడి. దాని పేరు చింపిరి.

అవ్వ వాకిట్లో దారాలు బారుగా చాచి గంజి పెట్టేది. దారం రాయికి తగిలితే తెగిపోతుందని, రోజూ వాకిలంతా ఊడ్చి, రాళ్ళన్నీ ఏరి దిబ్బ మీద పారబోసేది. "రాయి మింగితే నా చింపిరి గొంతు కోసుకుపోతుంది" అని ఇంకో భయం. పాపం, ప్రేమకొద్దీ చేసింది. ఆమెకేం తెలుసు!

చింపిరికేమో ఒక పాడు అలవాటు. గంజి వాసనకి ఆశపడి, తెగిన దారప్పోగులు గుటుక్కున మింగేది. అవన్నీ మెడ కింద ఉండే మేతసంచిలో చుట్టుకుని ఉండ కట్టేవి. సంచి ఉబ్బిపోయేది. నోరు పుల్లటి కంపు కొట్టేది. ఇక చింపిరి మెడ వాల్చేసి మూలన కూర్చునేది.

"మళ్ళీ మింగావుటే, దొంగమొహమా?" అని తిడుతూనే అవ్వ మగ్గం మీంచి లేచేది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముక్కు తెరిచి నాలుగు చుక్కలు నువ్వులనూనె పోసి, సంచిని మెల్లగా నిమిరేది. ఉండ మెత్తబడి కిందికి జారేదాకా వదిలేది కాదు. తెల్లారి మేత వేసేముందు సంచి ఖాళీ అయిందో లేదో తడిమి చూసుకునేది.

తగ్గేది. కొన్నాళ్ళకి మళ్ళీ మొదలు!

దిబ్బ మీది గులకరాయికి ఇదంతా చూసి జాలేసింది. "చింపిరీ, నన్ను మింగవే. నీ కందనకాయలో కూర్చుని, నువ్వు తిన్నదంతా నూరిపెడతాను. ఆ ముసలామె చేత ఎన్నాళ్ళని నిమిరించుకుంటావు?" అంది.

"పో పోవే! మా అవ్వ చేయి ఉండగా నీతో నాకేం పని? రాళ్ళు తినే ఖర్మ నాకింకా పట్టలేదు" అంది చింపిరి.

ఆ చలికాలం అవ్వకి దగ్గు పట్టుకుంది. ఎంతకీ తగ్గలేదు. ఒక సాయంత్రం చింపిరి సంచి నిమురుతూ నిమురుతూనే ఆమె చేయి ఆగిపోయింది. ఇంకా నిమురుతుందేమోనని చింపిరి ఆ ఒళ్ళోనే కూర్చుంది, పిచ్చిది.

ఇరుగుపొరుగువాళ్ళు అవ్వని చేనుగట్టున పూడ్చిపెట్టారు. గుర్తు కోసం దిబ్బ మీది రాళ్ళు తెచ్చి పైన పరిచారు. బతికినన్నాళ్ళూ ఏ రాళ్ళని వాకిలి దాటించిందో, చివరికి ఆ రాళ్ళే ఆమె మీద ఉన్నాయి.

చింపిరి సంచి మళ్ళీ ఉబ్బింది. గింజ దిగదు, నీళ్ళు దిగవు. నిమిరే చేయి లేదు. తూలుకుంటూ చేనుగట్టుకి పోయింది.

"అవ్వా, లేవే! ఎన్ని తిట్లు తిడతావో తిట్టు. ఒక్కసారి నిమురు" అని ఏడ్చింది.

చింపిరి పుట్టాక మొదటిసారి కాళ్ళతో మట్టి కెలికింది. ఒకడుగు వెనక్కి వేసి, తల వంచి చూసింది. అవ్వ చేయి బయటికొచ్చిందా? రాలేదు. మళ్ళీ కెలికింది, మళ్ళీ చూసింది. గోళ్ళు చిట్లి రక్తం కారింది.

"ఆ చేయి ఇక రాదే, తల్లీ. నేనున్నాగా, మింగు" అంది మట్టిలోంచి గులకరాయి. ఆ పాత గులకరాయే.

చింపిరి కళ్ళు మూసుకుని మింగింది. రాయి లోపలికి జారి, తిన్నదాన్ని మెల్లమెల్లగా నూరసాగింది. పొద్దు వాలేసరికి సంచి దిగింది. చింపిరి బతికింది. కానీ రాయి చల్లగా ఉంది. అది అవ్వ చేయి కాదుగా!

అప్పటినుంచే ఏ కోడైనా సరే, ఎదురుగా గింజలు పోసి ఉన్నా నేల కెలుకుతుంది. ఒకడుగు వెనక్కి వేసి, తల వంచి చూస్తుంది. చేయి కనబడదు. దొరికిన రాయిని మింగి, మళ్ళీ కెలుకుతుంది.