తెగని తీగ

దేవదానం మాస్టారికి ఒక అలవాటుంది. ఇంటికొచ్చిన గిటారు ఎవరిదైనా సరే, ముందు దాని తీగల కింద గోరు పెట్టి ఈ చివరినుంచి ఆ చివరికి నడిపిస్తారు. మనిషిని పలకరించడం ఆ తర్వాతే. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆయన, నలభై ఏళ్ల కిందట సామర్లకోటలో తమ చర్చికి గాయకబృందాన్ని కూర్చిపెట్టారు. డెబ్బై ఆరో ఏట గడప దాటడం తగ్గింది గానీ, బృందంలో ఒకరిని చేర్చాలన్నా తప్పించాలన్నా ఆయన సంతకం పడాలన్న కట్టుబాటు మాత్రం పోలేదు.

ఆ సంతకం కోసమే ఒక ఆదివారం మధ్యాహ్నం రూబేను వచ్చాడు. బస్సు డిపోలో కంట్రోలరు. పద్నాలుగో ఏట మాస్టారి దగ్గర ఎలక్ట్రిక్ గిటారు పట్టినవాడు, ఇప్పుడు యాభైకి రెండేళ్లు తక్కువ. తెల్లవారుజామున డ్యూటీ దిగి, రెండు గంటలు కునుకు తీసి, ఆరాధనలో వాయించి, అటునుంచి అటే వచ్చాడు. భుజాన గిటారు సంచి, జేబులో మడతపెట్టిన కాగితం.

కాగితంలో ఉన్నది నాలుగు వరుసలే. ఆరు నెలల కిందట బదిలీ మీద ఊరికి వచ్చిన నర్సు తబిత బృందంలో చేరింది. ఆమె గొంతు మిగతావాళ్లతో కలవడం లేదు, శ్రుతికి పైపైన పోతోంది, కనుక ఆమెను తప్పించాలని పాస్టరు అయ్యగారికి విన్నపం. కింద ఐదు సంతకాలు. సాయంత్రం ఆరింటికి కమిటీ కూర్చుంటుంది. ఆరో సంతకం పడితే వచ్చే ఆదివారం తబిత చోటు వెనక బెంచీలోనే.

"వందనాలు మాస్టారూ" అని రూబేను కాగితం అందించాడు. ఆయన రెండుసార్లు చదివి, అంచు మీద ఉన్న నల్లటి మరక చూశారు.

"ఇదేంట్రా, సంతకం చాలదని వేలిముద్ర కూడా వేశావు?"

"తీగల నలుపండీ. పొద్దున్న వాయించాను కదా."

"ఎప్పటి తీగలు?"

రూబేను ఆలోచించాడు. పోయినేడు కాదు, అంతకుముందు ఏడు కూడా కాదేమో. "ఒక్కటీ తెగలేదండి" అన్నాడు, కాస్త గొప్పగానే. "తెగినదాన్ని ఎలా మార్చాలో మీరే నేర్పారు. తెగనిదాన్ని ఎప్పుడు మార్చాలో, ఎందుకు మార్చాలో ఏనాడూ చెప్పలేదు."

"నువ్వు అడిగావా?"

"ఇప్పుడు అడుగుతున్నానుగా" అంటూ పెన్ను ముందుకు జరిపాడు. ఈ ముక్క తేలిపోతే సంతకం పడుతుంది, ఇంటికెళ్లి పడుకోవచ్చు. అతనికి అప్పుడు కావలసింది నిద్ర.

మాస్టారు పెన్ను ముట్టుకోలేదు. గిటారు తీయించి గోరు నడిపించారు. గిటారు మెడ మీది లోహపు మెట్లకు తగిలే చోటల్లా తీగ అడుగున నొక్కులు పడి ఉన్నాయి. గోరు ఆగి ఆగి, టిక్కుమంటూ వెళ్లింది. ఆయన అలమరలోంచి కొత్త తీగల పొట్లం తెచ్చి, అందులో మూడో తీగ ఒక్కటే తీసిచ్చారు.

"ఒకటేనా అండీ?"

"ఎక్కించు."

రూబేను ఎక్కించాడు. శ్రుతి చూసే చిన్న యంత్రాన్ని తగిలించి, మెట్ల మీద వేలు పెట్టకుండా మీటితే ఆరు తీగలకూ వరసగా పచ్చదీపం వెలిగింది. మాస్టారు స్పీకరు పెట్టెకు వైరు కలిపి, కింద కాదు, పైన పన్నెండో మెట్టు దగ్గర పట్టి వాయించమన్నారు. రూబేను ఒకసారి మీటి మొహం చిట్లించాడు.

"ఈ తీగలో లోపముందండీ. అరుస్తోంది. మిగతా ఐదూ ఒక దారిన పోతుంటే ఇదొక్కటే పైకి పోతోంది."

"తీసేద్దామా అయితే?"

"తీసేద్దామండి."

"సరే. తీసేముందు రెండోది కూడా ఎక్కించు."

రూబేనుకు ఒళ్లు మండింది. "సంతకానికొస్తే ఇంకో డ్యూటీ వేశారు మాస్టారూ" అన్నాడు. అయినా ఎక్కించాడు. ఆయన అందించిన ఒకటోది కూడా ఎక్కించాడు. మూడు కొత్తవి, మూడు పాతవి అయ్యేసరికి ఏది దారిన ఉందో, ఏది తప్పిందో అతనికే తేలలేదు. విసుగొచ్చి, అడక్కుండానే నాలుగోది, ఐదోది మార్చేశాడు. అన్నిటికన్నా లావుపాటి పాత తీగ ఒక్కటే మిగిలింది.

మళ్లీ అక్కడే పట్టి మీటాడు. ఐదు తీగలూ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. పాతది మాత్రం తడిసిన చెక్కను తట్టినట్టు మోగి, మిగతావాటికి కింద ఎక్కడో ఆగిపోయింది. అరచెయ్యి అడ్డం పెట్టి దాన్ని నొక్కేశాడు. చెయ్యి తీసి ఇంకోసారి విన్నాడు.

పొద్దున మూడో చరణంలో తబిత ఒక స్వరం నిలిపినప్పుడు తను ఆమె వైపు కళ్లెర్రజేశాడు. ఆమె గొంతు తగ్గించుకుంది. ఆఖరి పాటకు వచ్చేసరికి ఆమె పెదవులు మాత్రమే కదిలాయి. తను అప్పుడు ఇదే పన్నెండో మెట్టు మీద ఉన్నాడు.

"ఇది ఇందాకటినుంచీ ఇలాగే ఉందా అండీ?"

"ఇందాక దానికి తోడు నాలుగున్నాయి" అన్నారు మాస్టారు.

రూబేను ఆరోదాన్ని కూడా విప్పి కొత్తది ఎక్కించాడు. తొందరపడలేదు. పాత తీగలు ఆరూ నేల మీద చుట్టలుగా పడి ఉన్నాయి.

"వాటిని ఊరికే పారెయ్యకు. చెత్తకుప్పలో ఆవుల నోట్లో గుచ్చుకుంటాయి. కాగితంలో చుట్టు."

స్టూలు మీద ఆ రోజు పేపరుంది. రూబేను దానికేసి చూశాడు గానీ తీసుకోలేదు. పక్కనే ఉన్న తన కాగితం తీశాడు. కాసేపు అలా పట్టుకుని, తర్వాత నేల మీద పరిచి, తీగలను దాని మధ్యలో పెట్టాడు.

మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు.

"పేర్లున్న వైపు లోపలికి మడతపెట్టు, రూబేనూ. ఎవరూ తెగిపోలేదు. అలిసిపోయారంతే."