అదుర్లమ్మ సన్నిధిలో తిట్ల మొక్కు

తుమ్మలబోడులో బస్సు దిగి పడమరగా జొన్నచేల వెంట నడిస్తే అదుర్లమ్మ తల్లి సన్నిధి వస్తుంది. తల్లి నేల బీటలోంచి వెలసిన నల్లరాయి. పొద్దుగుంకేవరకు దర్శనం ఉంటుంది.

పూర్వం ఇక్కడ నాంచారమ్మ అనే మంత్రసాని ఉండేది. ఒక ఏడు నేల అదరడం మొదలైంది. మొదట నెలకోసారి, తర్వాత వారానికోసారి, ఆపైన రోజుకు నాలుగైదుసార్లు. ఇంట్లో కుండల దొంతి గలగలమన్నప్పుడల్లా ఆమెకు ముద్ద దిగేది కాదు. ఒకసారి ఊరందరినీ బతిమాలి చేలలోకి తరలించింది. రెండు రోజులు వానలో తడిశారు, ఏమీ కాలేదు. అప్పట్నుంచి ఆమె మాటంటే ఊరికి వేళాకోళమైపోయింది.

ఇంతలో ఆమె కూతురు ఆదెమ్మ పుట్టింట్లో తొలికాన్పులో ఆడపిల్లను కన్నది. ఆ మర్నాటి నుంచి అదుర్లు ఆగిపోయాయి. ఊరు హమ్మయ్య అనుకుంది. నాంచారమ్మకు మాత్రం ప్రాణం గిజగిజలాడింది.

"నొప్పులు దగ్గరపడి ఉన్నట్టుండి ఆగితే నాకు భయమయ్యా," అని ఊరిపెద్ద బసవయ్యకు మొరపెట్టుకుంది.

"పోయినసారి తడిపింది చాలదా నాంచారీ?" అని ఆయన నవ్వేశాడు.

అమ్మవారు ఆమెకు కలలో చెప్పిందని కొందరంటారు. నిద్ర పట్టిందెక్కడ, కల రావడానికి! ఊరు రాకపోతే పోనీ, తన బిడ్డలనైనా దక్కించుకోవాలి. కానీ పదకొండో రోజు పురుటి స్నానం అయ్యేదాకా బాలింత గడప దాటరాదు. దాటితే ఊరికి మైల. ఎందరికో తానే చెప్పిన కట్టడి అది. అయినా నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం పసిగుడ్డును పొత్తిళ్లలో ఎత్తుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, నడివీధిన చేలకు బయలుదేరింది. మళ్లీ ఏమీ జరగకపోతే? ఈ ఎండకు పిల్లకు జ్వరం వస్తే?

ఊరు భగ్గుమంది. ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు వదిలేసి, ముసలివాళ్లు కర్రలూతగా, అందరూ తిట్టడానికి వెంటపడ్డారు. "మంత్రసానివై ఉండి ఊరికి మైల అంటగడతావా?" అని బసవయ్య కేకలేస్తూ ముందు నడిచాడు. ఆఖరి మనిషి చేలో అడుగుపెట్టేసరికి నేల ఊగిపోయింది. ఊళ్లో ఒక్క గోడ నిలవలేదు. ఒక్క ప్రాణమూ పోలేదు. నాంచారమ్మ నిలుచున్నచోటనే తల్లి వెలసింది.

నేటికీ ఈ ఊళ్లో నాలుగో రోజునే అమ్మమ్మ బాలింతను, బిడ్డను సన్నిధికి తీసుకువస్తుంది. ఊరంతా వెంటవచ్చి ఆ అమ్మమ్మను తిట్టాలి, అదే మొక్కు. తిట్టినవారికీ తిట్లు తిన్నవారికీ తల్లి అభయం ఉంటుంది. ఎవరైనా రాలేదని తెలిస్తే మాత్రం ఆ అమ్మమ్మ చేలోంచి కదలదు. వాళ్లు బయటికొచ్చి తిట్టేదాకా కబురు మీద కబురు పంపుతూనే ఉంటుంది.