వంటిల్లు అడిగిన చుట్టం

ఒకప్పుడు మన పేగుల్లోని కణాలకి చావంటే తెలీదు. చేయీ చేయీ పట్టుకుని, గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళలా వరసగా ఉండేవి. పైనుంచి ఏది దిగినా "రండి రండి" అని తలుపులు బార్లా తీసేవి.

ఒక్క నూకాలు మాత్రం అలా కాదు. ఆ కణానికి ఒళ్ళంతా అనుమానమే! పెరుగన్నం వచ్చినా తిప్పితిప్పి చూసేది. "మా వదినకి అమ్మపాలమీద కూడా అనుమానమే!" అని పక్కింటి పైడమ్మ పకపకా నవ్వేది.

ఓనాడు చారన్నంతోపాటు ఇంతంటే ఇంత వైరస్ ఒకటి దిగింది. దానికి పొట్టంటూ లేదు. "అక్కా, కాస్త మీ వంటిల్లు ఇస్తారా?" అంది నంగిగా.

నూకాలు కనుబొమలు ముడిపడ్డాయి. "ఆకలేసినవాడు అన్నం అడుగుతాడు. పొట్టే లేనివాడికి వంటిల్లెందుకు? పో అవతలికి!" అని ధడాల్న తలుపేసింది.

"పాపం, చుట్టాన్ని తరుముతావేంటి వదినా?" అంటూ పైడమ్మ లోపలికి పిలిచింది.

ఇక చూడండి! పైడమ్మ వంటింట్లో గిన్నెలు ఒకటే మోత. మోత ఉంది గానీ తాలింపు వాసన లేదు. నూకాలు గోడకి చెవి ఆనించింది. "ఒసేయ్ పైడమ్మా, ఏం వండుతున్నారే?"

"చుట్టాల్నే వదినా!" పైడమ్మ ఏడుపందుకుంది. "ఒకడు వందమంది అయ్యాడు. నా పొయ్యి నా మాట వినడంలేదు. ఇల్లు పగిలిందంటే వీళ్ళంతా వీధిమీద పడతారు!"

నూకాలుకి ప్రమాదం అర్థమైంది. వీధంతా పాడైతే ఈ పొట్ట ఎవరిదో ఆ పిల్లకి ముద్ద ఒంటబట్టదు. అంతలో తన వంటింట్లోనే ఓ గిన్నె టంగుమంది. గోడ సందులోంచి ఓ చుట్టం ఇటూ దూరేశాడు! అందరినీ అనుమానించిన నూకాలు తన ఇంటిగోడని మాత్రం అనుమానించలేదు, చూశారా!

"అమ్మల్లారా! తలుపులు బిగించుకోండి! పొయ్యిలు ఆర్పేయండి!" వీధి మారుమోగేలా అరిచింది. విన్న ప్రతి ఇల్లూ గడియ పెట్టుకుంది.

అప్పుడు నూకాలు అటుపక్క కణం చెయ్యి వదిలేసింది, పైడమ్మనీ అవతలి చెయ్యి వదిలేయమంది.

"భయమేస్తోంది వదినా," అంది పైడమ్మ.

"నాకూ భయమేనే. నీ చెయ్యి మాత్రం వదల్ను, పద."

ఇద్దరూ దొంగచుట్టాలతో సహా కిందికి దూకేశారు. బిరబిరా నీళ్ళొచ్చి అందరినీ బయటికి ఈడ్చుకుపోయాయి. మిగిలిన కణాలు ఏడుస్తూనే చేతులు చాచి ఆ ఖాళీని మూసేశాయి.

అప్పటినుంచే పేగుల్లో కణాలు అనుమానం రాగానే ముందు కేకేస్తాయి, తర్వాత చెయ్యి వదిలేస్తాయి. వైరస్ దూరిననాడు మనం చెంబు పట్టుకుని పరిగెత్తేదీ అందుకే. ఏ చుట్టమూ రాకపోయినా సరే, కొద్దిరోజులకే కొత్తకణానికి చోటిచ్చి పాతది జారిపోతుంది. "ఉండవే ఇంకాస్త" అని పక్కవాళ్ళు బతిమాలితే, "వద్దులే, నా వంటింటిమీద నాకే నమ్మకంలేదు" అంటుంది.