నిట్రాడు మీద సత్తెమ్మ సాక్ష్యం

జీడితోట చివర, సముద్రపు గాలి తగిలే చోట, కాపలావాళ్ళు వదిలేసి పోయిన తాటాకు పాక ఒకటుంది. ఒక పక్క రాతిగోడ, మిగతా పక్కలంతా తడికలు, నడిమధ్యన పైకప్పు బరువంతా మోసే నిట్రాడు గుంజ. మనుషులు పోయాక అందులోకి మైలరంగు ముసలెద్దు వచ్చి చేరాడు. ఆయన్ని అందరూ మైలన్న అనేవాళ్ళు. ఆయన వెనకే చెంగమ్మ అనే మేక, ఆ వెనక పొడలక్క అనే కోడిపెట్ట వచ్చాయి. వీళ్ళందరికంటే ముందునుంచీ ఆ గోడమీద ఒక బల్లి కాపురముంది. పేరు సత్తెమ్మ.

పాకలో ఒక అలవాటు ఉండేది. ఎవరైనా మాట అన్నాక సత్తెమ్మ టిక్ టిక్‌మని పలికితే అది నిజమైనట్టు. పలక్కపోతే ఉత్తమాట. మబ్బు పట్టిందని మైలన్న అన్నా, పక్కతోటలో చిగుళ్ళు లేతగా ఉన్నాయని చెంగమ్మ అన్నా, ముందు అందరి చూపూ గోడవైపే పోయేది. అలా పలికీ పలికీ సత్తెమ్మకు మెడ కాస్త నిక్కింది.

తొలకరి పడిన మర్నాటి ఉదయం మొదలైంది పొడలక్క కంగారు. ఆమె గుడ్లు నిట్రాడుకు కట్టిన గంపలో ఉన్నాయి. కంచెలో ముంగిస తిరుగుతోందని అంత ఎత్తున పెట్టుకుంది. పొదుగు ముగింపుకొచ్చింది. పెంకుల లోపలి కదలిక రొమ్ముకు తెలుస్తోంది. నీళ్ళకని కిందికి దిగితే నేలమీద రెక్కలు రాలి ఉన్నాయి. పల్చటి, పొడుగాటి రెక్కలు. పురుగులు మాత్రం లేవు. గోడమీద సత్తెమ్మ పొట్ట గుమ్మడిపిందెలా ఉబ్బి ఉంది.

వానకు ఉసిళ్ళు, ఆ రెక్కల చెదపురుగులు, ఎక్కడైనా లేస్తాయిలే అని సర్దిచెప్పుకుంది. కానీ ఇవి బయటినుంచి వచ్చినట్టు లేదు. నిట్రాడు మొదట్లోనే రెక్కలు చిక్కగా ఉన్నాయి. వంగి చూస్తే నేలలోంచి గుంజమీదికి గడ్డిపరకంత మట్టిగీత పాకి ఉంది. ముక్కుతో గీరింది. లోపల తెల్లగా ఏవో కదిలి, చటుక్కున లోపలికి జారుకున్నాయి. పొడలక్క గబుక్కున గంపలోకి ఎగిరింది.

మరోసారి దిగి చూసేసరికి గీరిన చోట మట్టి మళ్ళీ అతికి ఉంది, తడితడిగా. లోపల ఎవరో కూర్చుని పనిచేస్తుంటేనే గానీ మట్టి దానంతటది అతుక్కోదు కదా.

ఎగిరి గంపలో కూర్చుంది. కూర్చున్నదన్న మాటే గానీ ఒళ్ళు నిలవడం లేదు. పొట్టకింద గుడ్లు, గుడ్లకింద ఊక, ఊకకింద గంప. ఆ గంపను పట్టుకున్న గుంజలో ఏం జరుగుతోందో తనొక్కదానికే తెలుసు.

సంగతి చెబితే మైలన్న నెమరు ఆపి ఓపిగ్గా విన్నాడు. చెదలైతే మంచిది కాదన్నాడు. నీళ్ళకుండ కారి గుంజ మొదలు ఎప్పుడూ తడిగానే ఉంటోందని, తడికకు ఆనించి ఎండుకట్టెలు కూడా పడి ఉన్నాయని, వాటికి రావడానికి ఇంతకంటే ఏం కావాలని తనే ఒప్పుకున్నాడు. గంప దింపెయ్యమంటావా అని కూడా అడిగాడు. చెంగమ్మ అడ్డుపడింది.

"ముంగిసకు విస్తట్లో వడ్డించినట్టు కింద పెడతావా మావా? దీనికి పొదుగువేడి తలకెక్కింది. నిన్న తడిక గాలికి ఊగితే ముంగిసంది. ఇవాళ మట్టి కనబడితే చెదంటోంది. మనకెందుకీ తగువు, సత్తెమ్మనే అడుగు."

పొడలక్క గోడవైపు తిరిగి, నిట్రాడు లోపల డొల్లయిపోతోందని గట్టిగా చెప్పింది. సత్తెమ్మ కళ్ళు సగం మూసి ఊరుకుంది. నిట్రాడు నిక్షేపంలా ఉందని చెంగమ్మ అంది. వెంటనే టిక్ టిక్.

దాంతో మైలన్న మళ్ళీ నెమరులో పడ్డాడు.

ఆ తర్వాత పొడలక్కకు తిండి సయించలేదు. చెవి గుంజకు ఆనించి వినేది. ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు సన్నటి చప్పుడు. ఒకసారి గంపలోకి మట్టి రాలింది, నలిపిన సున్నిపిండిలా. తలుపు తడిక నేలకు ఒరుసుకుంటోంది. అంతకుముందు గాలికే తెరుచుకునేది అది. వానకు ఉబ్బిందని చెంగమ్మ కొట్టిపారేసింది. పైకప్పే దిగిందేమోనని పొడలక్క అనుకుంది గానీ, ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

చెప్పడం మానేసి చూడటం మొదలుపెట్టింది. చూడగా చూడగా ఒకటి పట్టుబడింది. సత్తెమ్మ పగలు గోడమీద ఉన్నా, ఇదివరకు రాత్రిళ్ళు నిట్రాడు తలమీద, తాటాకుల వెచ్చదనంలో గుడ్లు పెట్టుకుని పడుకునేది. ఇప్పుడు ఆ గుడ్లు తీసుకుపోయి రాతిగోడ నెర్రెలో పెట్టుకుంది. గుంజమీదికి తినడానికి వస్తుంది, నోరు నింపుకుని ఒక్క పరుగున గోడెక్కేస్తుంది. అక్కడ క్షణం కూడా నిలవదు.

అంటే ఆవిడకు తెలుసు.

ఆ మధ్యాహ్నం సముద్రం మీంచి నల్లటి మబ్బు లేచింది. గాలి ఈదురుగా తిరిగింది. తాటాకులు గలగలమన్నాయి. ఇక ఆగితే పిల్లలు దక్కవనుకుంది పొడలక్క. గంప అంచుమీదికి వచ్చి, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుంది.

"సత్తెమ్మత్తా, నాదే పొరపాటు. పాక గట్టిదని నువ్వు పలికాక కూడా అనుమానపడ్డాను. నా భయం పోయేలా ఒక్క మేలు చెయ్యి. ఈ నిట్రాడు తలమీద కూర్చుని పలుకు. మైలన్న కిందనించి ఒక్కసారి వీపు రుద్దుకుంటాడు. అది చూస్తే ఇంక జన్మలో నోరెత్తను."

మైలన్నకు వీపు దురద పెడుతూనే ఉంది, లేచాడు. దీని గోల వదిలిపోతుందని చెంగమ్మ కూడా సంబరపడింది. పొడలక్క మాత్రం రెక్కలు పరిచి గుడ్లమీద బోర్లా పడుకుంది. బల్లి కదలకపోతే, ఎద్దు నిజంగానే రుద్దితే, ముందు పోయేది తన పిల్లలే. పందెం వాళ్ళమీదే కాసిందని ఆమెకు తెలుసు.

సత్తెమ్మ గొంతు పట్టేసిందంది. గోడమీంచి పలికినా ఒకటేనంది. ఒకటే అయినప్పుడు నిట్రాడు మీదే పలకొచ్చుగా అని చెంగమ్మ, తెలిసో తెలియకో, అడిగేసింది. అందరూ చూస్తున్నారు. ఇన్నాళ్ళ పరువాయె. సత్తెమ్మ ఒక్కో కాలే ఎత్తివేస్తూ నిట్రాడు తలమీదికి వచ్చింది. నోరు తెరిచింది. కింద మైలన్న వీపు గుంజకు ఇంకా ఆననేలేదు, దగ్గరికొచ్చిందంతే.

సత్తెమ్మ గోడమీదికి దూకేసింది. దూకిన కంగారులో తోక తెగి గుంజమీదే ఉండిపోయింది. అక్కడది మెలికలు తిరుగుతోంది.

మైలన్న అడుగు వెనక్కి వేశాడు. చెంగమ్మ కొమ్ముతో నిట్రాడును మెల్లగా తట్టింది. ఎండిన సొరకాయ బుర్రను తట్టినట్టు మోగింది. ఇంకాస్త నొక్కితే కొమ్ము లోపలికి దిగబడింది. బయటికి లాగేసరికి కన్నంలోంచి తెల్లగా చెదలు కారాయి. పైకి గుంజలా కనబడేది ఉత్త పెచ్చు.

"తెలిసే పలికావా సత్తెమ్మా?" అన్నాడు మైలన్న.

"ఏం చెయ్యమంటావు మావా, నా తిండి అక్కడుంది. పాక ఎలాగూ ఒకనాటికి పడేదేగా. పడేటప్పుడు నేను గోడమీదే ఉంటాను."

"మరి మేమో?" అంది చెంగమ్మ. అప్పటికి దాని గొంతులో ఎకసెక్కం లేదు.

సత్తెమ్మ నెర్రెలోకి దూరిపోయింది.

మైలన్న ఇంక ఆగలేదు. గంప తాడును కొమ్ముకు తగిలించుకుని, గుడ్లమీద పొడలక్క ఉండగానే బయటికి మోసుకుపోయాడు. జీడిచెట్టు కింద దింపి, ముంగిస రాకుండా ముందరి కాళ్ళమధ్య పెట్టుకుని పడుకున్నాడు. చెంగమ్మ ఇంకా తోవలో ఉండగానే ఈదురుగాలి పాకను పట్టి ఒక్క కుదుపు కుదిపింది. నిట్రాడు మధ్యకు విరిగింది. తాటాకు కప్పంతా ఇందాకటిదాకా గంప ఉన్న చోటే కూలింది. పొడలక్క అటు చూసి, కళ్ళు మూసుకుని, రొమ్ము గుడ్లకు మరింత అదిమింది.

వాన వెలిశాక పాక మళ్ళీ లేపడానికి మైలన్న వేపమొద్దు ఒకటి ఈడ్చుకొచ్చాడు. మళ్ళీ మట్టిలో పాతనివ్వలేదు పొడలక్క. మట్టి తగిలితేనే గదా అవి ఎక్కేది అంది. కంచె దగ్గర పడున్న తిరగలి రాయిమీద నిలబెట్టించింది. కారే కుండను దూరంగా దొర్లించారు. ఎండుకట్టెలు తడికకు తగలకుండా ఎడంగా పేర్చారు. రోజూ పొద్దున్నే గుంజలన్నీ కొమ్ముతో తట్టి, మొదళ్ళు వంగి చూసే పని చెంగమ్మే పట్టుబట్టి తీసుకుంది.

పాత నిట్రాడు నాటిన గోతిని మైలన్న గిట్టలతో తవ్వి చెదపుట్టను అడుగంటా తిరగేశాడు. అప్పటికి గుడ్లు పగిలి పిల్లలు దిగాయి. పొడలక్క కొక్కొక్కొ అని పిలిస్తే వరసగా వచ్చి, కన్నుతెరిచాక మొదటి తిండి ఆ చెదలే కడుపారా తిన్నాయి. ఒక్కటీ మిగల్చలేదు. రాతిగోడ నెర్రెలోంచి మొండితోక సత్తెమ్మ, తన గాదె ఖాళీ అయిపోతుంటే మింగలేకా కక్కలేకా చూస్తూ ఉండిపోయింది.

నీతి: ఇల్లు గట్టిదో కాదో, అది పుచ్చితే కడుపు నిండేవాళ్ళను అడక్కూడదు.