మిట్టమధ్యాహ్నం చాకుల దయ్యం

అనగా అనగా, గోదారి అవతలి గట్టున మొక్కల తోటల ఊరొకటి. అందులో గవరయ్యని ఒకడు, మామిడి అంట్లు కట్టుకుని బతికేవాడు. అంటు కట్టాలంటే ఏం కావాలర్రా? మడిచి మొలలో దోపుకునే చాకు కావాలి. అది బెరడుని చక్కగా కొయ్యాలి. నలిపిందా, కొమ్మ చచ్చి ఊరుకుంటుంది. గవరయ్య చాకు అరిగి అరిగి పుల్లైపోయింది. కొత్తది కొనుక్కొస్తానని సంతకి బయల్దేరాడు. వాడి పెళ్ళాం అచ్చాయమ్మ వెనకాలే అరిచింది, మెరుపు చూసి మోసపోకయ్యా అని. విన్నాడా? వింటే నాకు కథెక్కడిది!

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, నేనొక్కదాన్నే వాగుతున్నానా ఏంటి.

మిట్టమధ్యాహ్నం, దారిలో పురుగైనా లేదు. తాటితోపు నీడలో ఒక ముసలాడు సానచక్రం పక్కనెట్టుకుని, గంపెడు చాకులతో కూచున్నాడు. అన్నీ ఒకటే తళతళ, అన్నిటికీ ఒకటే చవక ధర. ముసలాడి పాదాలు మటుకు వెనక్కి తిరిగున్నాయి. మనవాడు చాకులు చూశాడు గానీ పాదాలెక్కడ చూస్తాడు! మంచి చాకు ఏరితే గంపంతా నీదే, తప్పు ఏరావో నా చక్రం తిప్పాలి అన్నాట్ట ముసలాడు. ఓస్ ఇంతేనా అని, తన మీసం ఎందులో బాగా కనబడితే అది ఏరుకున్నాడు గవరయ్య. తప్పు, అంది దయ్యం. అంతే, చెయ్యి చక్రానికి అతుక్కుపోయింది. చక్రం గిర్రుమనె, చాకు బర్రుమనె, గవరయ్య నడుం కిర్రుమనె!

మూడు రోజులు అదే గిర్రు, అదే బర్రు, అదే కిర్రు. ఇంట్లో అచ్చాయమ్మకి ముద్ద దిగితేనా. వెతుక్కుంటూ వెతుక్కుంటూ తాటితోపుకొచ్చి, మొగుడి అరిచేతులు బొబ్బలెక్కి ఉండటం చూసి గొల్లుమంది. ముసలాడి పాదాలూ చూసింది. దయ్యమని తెలిసీ కొంగు బిగించింది. నువ్వు ఏరు, తప్పితే నీ మొగుడు ఇక ఇంటిమొహం చూడడు అంది దయ్యం.

అచ్చాయమ్మ పుట్టింటి పక్కనే కమ్మరి కొలిమి. చిన్నప్పుడు అక్కడే తిత్తులూదుతూ ఆడుకునేది. చాకు ఏరలేదు తను. ఎలాగూ తిప్పుతున్నావుగా, గట్టిగా తిప్పు అంది మొగుడితో. చక్రం గిర్రుమనె! ఒక చాకు ఆనించి, వెలుగులో నిప్పు కనబడదని కొంగు అడ్డం పట్టింది. రవ్వలు పొడుగ్గా తీగల్లా సాగి ఆరిపోయాయి. ఇది ఉత్త ఇనుము, రెండు కొమ్మలకే మొద్దుబారుద్ది అంది. ఇంకోటి పెడితే రవ్వలు కొంచెమే, అవీ ఎర్రగా, పొట్టిగా. ఇది తుప్పు పట్టని రకం, వంటింట్లో నిమ్మకాయలకి బంగారం, కానీ ఈ చవక రకానికి పదును నిలవదు అంది. మూడోది పెట్టేసరికి చిటపటా చిటపటా కాకరపువ్వొత్తిలా పూలు పూసింది! అసలు ఉక్కంటే ఇదీ, తడి తుడిచి నూనె రాసుకుంటే చాలు అంది.

అక్కడితో ఆగిందా? దాని మొన కర్రకి గుచ్చి మెల్లిగా వంచింది. టక్కున విరిగింది. మరీ పెళుసుగా కాల్చారు, పనికిరాదు. అలా పూలు పూసిందే ఇంకోటి వంచితే, వంగి మళ్ళీ నిటారుగా నిలబడింది. తెరిచి మూసి చూసింది, మడతలో ఊగులాట లేదు. ఒరే సూరీ, నువ్వు ఫోన్లో బొమ్మ చూసి చాకు కొనమన్నావే, ఇవన్నీ చూశావుట్రా? చూడలేదూ, మరి నోరు మూసుకుని ఊ కొట్టు.

ఇదీ మంచి చాకు, ఒప్పో తప్పో చెప్పు అని నిలదీసింది అచ్చాయమ్మ. దయ్యం ఆ చాకు వంక చూసి చూసి బావురుమంది. నాకేం తెలుసు తల్లీ అంది! బతికున్నన్నాళ్ళూ ఏది దొరికితే అది మెరుగుపెట్టి, మేలురకం ఉక్కని ఒట్టేసి అమ్మాను. నా చాకు నమ్మి ఒకడి అంట్లన్నీ ఎండిపోతే, నీ గంపలో మంచి చాకేదో తేలేదాకా నీకు మోక్షం లేదు పొమ్మని శపించాడు. ఏది మంచిదో నాకే తెలీదు, అందుకే ఎవరేం ఏరినా తప్పనేవాణ్ణి అంది.

ఓరి నీ దుంపతెగ, తెలీకుండానా మా ఆయన్ని మూడు రోజులు తిప్పావు అని అచ్చాయమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. తర్వాత ఆ ఏడుపు చూసి జాలేసింది పాపం. కూచో, నువ్వే పట్టు, నువ్వే చూడు అంది. దయ్యం ఒక్కో చాకూ రాయికి ఆనించింది. తీగలా? ఇటు. ఎరుపా? అటు. పూలా? వంచి చూడు, తెరిచి చూడు. చూసి చూసి ఒకటి పైకెత్తి, ఇది మంచిది తల్లీ, ఇది నిజంగా మంచిది అంది. అమ్మకంలో అది చెప్పిన మొదటి నిజం అదేనర్రా! వెనక్కున్న పాదాలు చక్కగా ముందుకు తిరిగాయి. దణ్ణం పెట్టి, గాల్లో కలిసిపోయింది.

గవరయ్య చెయ్యి ఊడొచ్చింది. మొగుడూ పెళ్ళాం గంపెత్తుకుని ఇంటికొచ్చారు. ఇది నిమ్మకాయలకి, ఇది గడ్డిమోపు తాడుకి, ఇది అంట్లకి అని ఉన్నదున్నట్టు చెప్పి ఊరందరికీ పంచారు. ఆ ఏడు కట్టిన ప్రతి అంటూ చిగురేసింది. మెరుస్తోందని కొనకండి, తెలియనిదాన్ని మంచిదని ఒట్టేసి అమ్మకండి, అంతే.

కథ కంచి బండెక్కేసింది, మనం దుప్పట్లో దూరదాం. ఒరే, సూరి నిద్రపోయాడే!